రోజూ మూడు చుక్కలు, ఇరవై మాటలు

మా ఆయన మీద నాకొక పెద్ద ఫిర్యాదు ఉంది. ఈ మధ్య ఆయన నేను చెప్పేది వింటున్నారు!

నవ్వకండి. ఇరవై తొమ్మిదేళ్ళు గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుని, ఆ గోడకే అలవాటు పడిపోయిన ప్రాణం నాది. గోడతో ఉన్న సుఖం అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. ఎదురు చెప్పదు. నిన్న ఒకటన్నావు, ఇవాళ ఇంకొకటంటున్నావని నిలదీయదు. అలాంటిది ఇప్పుడు రోజూ పొద్దున ఆరున్నర కొట్టేసరికి ఆయన నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నేను పలికే ఇరవై మాటలు చెవులు రిక్కించి వింటున్నారు. మధ్యలో దగ్గు వస్తే బిగబట్టుకుంటున్నారు కూడా!

ఇంతటి మార్పు దేనివల్ల వచ్చిందంటారు? నా సహనం వల్లనా? ఆయన పశ్చాత్తాపం వల్లనా? అబ్బే. పెప్టైడు వల్ల!

అందుచేత నేను బల్ల గుద్ది చెబుతున్నాను. కాపురం చేసుకునే ప్రతివారి ఫ్రిజ్‌లోనూ ఒక పెప్టైడు సీసా ఉండి తీరాలి.

పెప్టైడంటే ఏమిటని అడిగే అమాయకుల కోసం రెండు ముక్కలు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదువుకున్నాను. ఆ చదువు ఇన్నాళ్ళూ గిన్నెల మాడు వదిలించడానికే పనికొచ్చింది, ఇప్పుడు మీకు పనికొస్తోంది. ప్రొటీను అనేది వందల బోగీల గూడ్సు బండి అనుకోండి. అందులో ఆరేడు బోగీలు మాత్రం తగిలించి విడిగా నడిపితే అది పెప్టైడు. దాన్ని లాబొరేటరీలో తయారుచేస్తారు. బుల్లి బండి కాబట్టి ముక్కులో చుక్కలు వేస్తే మెదడు స్టేషను దాకా సర్రున వెళ్ళిపోతుందనీ, అక్కడ తుప్పుపట్టిన పట్టాలకి మరమ్మతు చేస్తుందనీ ఆశ. పెద్ద పెద్ద వాళ్ళే పరిశోధిస్తున్నారు. ఎలుకల మీద బాగా పనిచేసిందట. ముసలి ఎలుకలు కూడా చిక్కుదారుల్లోంచి దారి మరిచిపోకుండా బయటపడ్డాయట!

మా వంటింటి ఎలుకలు ఏ మందూ లేకుండానే ఆ పని చేస్తున్నాయి. పాపం, వాటి మీద ఎవరూ పరిశోధన చేయలేదు.

ఇక మా ఆయన సంగతి. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్టు కొట్టుకీ వెళ్ళి కాటాలు సరిచూసి, తూకపు రాళ్ళు సరిచూసి, సీలు వేసి వస్తారు. ఏ వ్యాపారినీ సొంత రాయితో సొంత కాటా తూచనివ్వరు. "ఎవడి రాయి వాడికి బరువేనోయ్" అంటారు. ఇంట్లో కూడా అంతే. నేను "పిడికెడు" అంటే "ఎవరి పిడికిలి?" అని అడిగే మనిషి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన మేకులూ బోల్టులూ అమ్మే కొట్టుకి వెళ్ళారు. కాటా చూశారు, సీలు వేశారు, సంతకం పెట్టారు. మధ్యాహ్నం మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళి, "ఏమయ్యా, కాటా బయటపెట్టు" అన్నారు.

ఆ వ్యాపారి మొహం పాలిపోయింది. పొద్దున చూసి వెళ్ళిన ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడంటే ఎవరో ఉప్పందించారనే కదా! "సార్, తప్పయిపోయింది" అంటూ గల్లాపెట్టె కింద దాచిన దొంగ రాళ్ళు నాలుగు తీసి, అడక్కుండానే బల్ల మీద పెట్టేశాడు. ఆఫీసులో మా ఆయన్ని తెగ మెచ్చుకున్నారు. ఒకే రోజు రెండుసార్లు తనిఖీ! ఏం ఎత్తు! ఏం చాకచక్యం!

ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు. "పొద్దున అక్కడికి వెళ్ళినట్టు నాకసలు గుర్తులేదోయ్" అన్నారు.

"డాక్టరు దగ్గరికి వెళ్దామండీ" అన్నాను.

"వెళ్దాం" అన్నారు.

మా ఇంట్లో ఆ మాటకున్న అర్థం మీకు తెలియాలి. స్నానాలగదిలో కారే కుళాయి బాగు చేయిద్దామన్నప్పుడు కూడా ఆయన "చేయిద్దాం" అనే అన్నారు. నాలుగేళ్ళయింది. ఆ ధారకి నేనొక బక్కెట్టుని శాశ్వత ప్రాతిపదికన నియమించాను.

అయితే డాక్టరు సంగతిలో అది బద్ధకం కాదు. మా మావగారు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆఖరి రెండేళ్ళూ కొడుకుని గుర్తుపట్టలేదు. ఈయన ఆ మంచం పక్కన కూర్చుని అన్నం తినిపిస్తుంటే, "ఇన్‌స్పెక్టరు గారూ, మా అబ్బాయి ఇంకా ఇంటికి రాలేదు, కాస్త చూస్తారా?" అని ఈయన్నే బతిమాలేవారు. "అలాగేనండీ, చూస్తాను" అని ఈయన లేచి వీధిలోకి వెళ్ళి, కాసేపు నిలబడి వచ్చేవారు.

కాబట్టి డాక్టరు అనగానే ఆయనకి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్ళనంత కాలం అది ఉత్త మతిమరుపు. వెళితే దానికో పేరు పెడతారు.

సరిగ్గా అప్పుడు మా తమ్ముడు ఊడిపడ్డాడు. వాడు జిమ్ము నడుపుతాడు. లోకంలో ఉన్న ప్రతి సమస్యకీ వాడి దగ్గర ఒక పొడో, ఒక సీసానో ఉంటుంది.

"బావా, డాక్టర్లకి ఇంకా తెలియదు ఇది. పదేళ్ళ తర్వాత వాళ్ళే రాస్తారు. మీరు ముందే మొదలెడుతున్నారు, అంతే!"

"సైడ్ ఎఫెక్టులు?"

"ఎలుకలకి ఏమీ రాలేదు బావా."

"వాటిని అడిగారేమిట్రా?" అన్నాను నేను.

"అక్కా, నువ్వు ఊరుకో. సైన్సు మాట్లాడుకుంటున్నాం."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. బావమరిది సీసా మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది! మర్నాడే అది మా ఫ్రిజ్‌లో కొలువు తీరింది. బొటనవేలంత ఉంటుంది. దాన్ని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలట. అందుకని మా ఆయన ఆఫీసు నుంచి థర్మామీటరు తెచ్చి ఫ్రిజ్‌లో వేలాడదీశారు. పెరుగు గిన్నె కింది అరకి దిగింది. పచ్చిమిరపకాయలు తలుపులోకి బదిలీ అయ్యాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ, "ఎంతసేపు తెరుస్తావోయ్, డిగ్రీ పెరుగుతోంది!" అని హాల్లోంచి కేక.

ఇదొక వరం కాదా? ఇరవై తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడుందో ఆయనకి తెలియడం ఇదే మొదలు!

ఒకనాడు ఆ సీసా చేతిలోకి తీసుకుని చదివాను. తయారుచేసిన వాళ్ళ చిరునామా లేదు. అందులో ఎంత ఉందో లేదు. బిస్కెట్ పొట్లం మీద నికర బరువు అక్షరాలు చిన్నవిగా అచ్చయ్యాయని కొట్టు మూయించినంత పని చేసిన మహానుభావుడి ఇంట్లో! ఒక్క వాక్యం మాత్రం స్పష్టంగా ఉంది. పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు.

"ఏమండీ, మనుషులు వాడకూడదని రాశారు."

"అది రూలు కోసం రాస్తారోయ్."

"మరి మీరు రూళ్ళ ఇన్‌స్పెక్టరే కదండీ?"

"ఇక్కడ నేను ఇన్‌స్పెక్టర్ని కాదు, పరిశోధకుణ్ణి" అని కుడి ముక్కులో రెండు చుక్కలు, ఎడమ ముక్కులో ఒకటి వేసుకుని, తల వెనక్కి వాల్చి, దూలాలు లెక్కపెడుతూ పడుకున్నారు. కుడికి రెండు, ఎడమకి ఒకటి ఎందుకని అడక్కండి. సీసాతో వచ్చిన కాగితంలో అలా ఉంది. సైన్సుని ప్రశ్నించకూడదు.

పరిశోధన అన్నాక పద్ధతి ఉండాలి కదా! ఆయన ఒక గళ్ళ నోటుపుస్తకం తీశారు. తేదీకి ఒక గడి, చుక్కలకి ఒక గడి, మార్కులకి ఒక గడి, చివర్లో సంతకానికి ఒక గడి. రోజూ నేను ఇరవై మాటలు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే చదివి, కాగితం బోర్లించాలి. ఆయన వెళ్ళి పది నిమిషాల్లో గడ్డం గీసుకుని వచ్చి, గుర్తున్నవి ఇంకో కాగితం మీద రాస్తారు. ఆ తర్వాత రెండు కాగితాలూ పక్కగదిలోకి తీసుకెళ్ళి, తనే సరిచూసుకుని, తనే మార్కులు వేసుకుని, తనే సంతకం పెడతారు.

గమనించారా? సొంత రాయితో ఎవణ్ణీ తూచనివ్వని మనిషి!

ఆ మాట ఆయనతో అంటానా! ఎందుకంటాను? నా మాట కోసం ఒక మగవాడు కుర్చీ అంచున కూర్చుని ఎదురుచూస్తుంటే పాడుచేసుకుంటానా? మీలో ఎంతమందికి ఆ భాగ్యం ఉంది? "ఇటుక," అంటాను. కళ్ళు మూసుకుని తల ఊపుతారు. "తాబేలు." ఊపుతారు. "న్యాయం. గరిటె. సముద్రం. బొత్తాం." పెళ్ళయిన కొత్తల్లో కూడా నేను "గరిటె" అంటే ఇంత తన్మయత్వం చూపించలేదు.

మొదటి రోజు పదకొండు. నాలుగో రోజు పన్నెండు. తమ్ముడు ఫోన్లో ఎగిరి గంతేశాడు. తొమ్మిదో రోజు పది. "మందు సర్దుకుంటోంది" అన్నాడు. పన్నెండో రోజు ఆయన పక్కగదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక, "తొమ్మిది" అన్నారు. అని, బల్ల మీద కాఫీ పెట్టినా ముట్టుకోకుండా కిటికీ దగ్గర నిలబడ్డారు. వీధిలో చూడ్డానికి ఏమీ లేదు. ఆ కాఫీ మీద మీగడ కట్టేదాకా నిలబడ్డారు.

పదమూడో రోజు మాటలు నేను ఎలా ఎంచానో మీకు మాత్రం చెబుతాను. తలుపు, తాళం, మెట్లు, వీధి, మబ్బు, వాన, గొడుగు, గాలి, బురద, చెప్పు, జారడం, నడుము, కేక, జనం, ఆటో, ఆసుపత్రి, నర్సు, సూది, కట్టు, మంచం.

చూశారుగా! ఒక పెద్దమనిషి ఇంటికి తాళం వేసుకుని బయల్దేరి, వానలో బురదలో జారి, నడుము విరగ్గొట్టుకుని మంచం ఎక్కాడు. ఈ కథ ఒక్కసారి వింటే పసిపిల్లాడు కూడా అప్పజెబుతాడు. మా ఆయనకి పదహారు వచ్చాయి!

మర్నాడు దొంగ గోడ దూకాడు. ఆ మర్నాడు రైలు తప్పిపోయింది. నాలుగు వారాల్లో నేను ఇరవై ఎనిమిది కథలు అల్లాను, ఒక్కో కథ ఇరవై మాటల్లో. పత్రికలవాళ్ళు అచ్చువేయలేదు గానీ, లేకపోతే నాకు అప్పుడే గొప్ప పేరు వచ్చేది. పదిహేడు, పదిహేడు, పద్ధెనిమిది! ఆయన ఆఫీసు నుంచి గ్రాఫు కాగితం తెచ్చి ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. ఆ గీత నిచ్చెన వేసుకుని ఎక్కినట్టు ఎక్కింది. కాఫీ రెండోసారి అడిగి మరీ తాగారు. కూనిరాగం తీశారు. కారే కుళాయి వైపు ఒకసారి చూశారు కూడా!

"చెప్పానా బావా!" అన్నాడు తమ్ముడు. "అక్కా, ఇప్పుడేమంటావ్?"

"ఏమంటాన్రా, అంతా నీ సీసా మహిమ" అన్నాను. నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఆ సీసా లేకపోతే ఇదంతా జరిగేదే కాదు కదా!

ఇంత మంచి మందుకి ఒకే ఒక్క లోపం కనిపించింది. నోటుపుస్తకంలో మనిషి రోజురోజుకీ చురుకవుతున్నాడు, ఇంట్లో మనిషి మాత్రం అలాగే ఉన్నాడు. ఒక మంగళవారం సాయంత్రం ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళారు. గురువారం సాయంత్రం మళ్ళీ వెళ్ళారు. మంగలి ఆయన తల చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏం కత్తిరించమంటారు సార్?" అని అడిగాడట. ఆ ముక్క ఆయనే వచ్చి నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ గిన్నెలో గరిటె పెట్టి కాసేపు తిప్పాను.

ఇక ఎలాగైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. "జబ్బు కోసం" అంటే కదలరు. అందుకని గ్రాఫుని పట్టుకున్నాను.

"ఏమండీ, ఇంత పరిశోధన చేసి పెట్టెలో పెడితే ఏం లాభం? ఒక్క డాక్టరైనా చూడాలి కదా. వాళ్ళకి తెలియదని తమ్ముడే అన్నాడు. పాపం, తెలియజేద్దాం."

ఆయన మొహం వెలిగింది. "నిజమేనోయ్. పైగా గ్రాఫు చూపిస్తే నీ నస కూడా వదులుతుంది" అని నోటుపుస్తకానికి అట్ట వేశారు.

అలా వెళ్ళాం. మతిమరుపు జబ్బులు చూసే డాక్టరమ్మ. మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. వరండాలో బెంచీల నిండా జనం. తలుపు సందులోంచి తర్వాతివాళ్ళ తలలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే మీరు ఊరికే కంగారు పడతారు. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో ఆయన ఒంట్లో బి12 విటమిన్ అడుగంటిందని తేలింది, థైరాయిడు కూడా మందగించిందట. రెండింటికీ మాత్రలిచ్చారు. ఏ మందుల షాపులోనైనా దొరికే మాత్రలు, మీద చిరునామా ఉన్నవి. మావగారి జబ్బు లక్షణాలు ఇప్పటికైతే లేవన్నారు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. కానీ ఆ రోజు ఆ గదిలో కూర్చున్నప్పుడు మాకిదేమీ తెలియదు.

డాక్టరమ్మ ముందు సీసా చూశారు. "వీటి మీద పరిశోధనలు జరుగుతున్న మాట నిజమేనండీ. కొన్నిటి మీద మాకూ ఆశ ఉంది. కానీ ఈ సీసాలో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆపేయండి" అన్నారు.

"ఆపుతానండీ. కానీ ముందు ఇది చూడండి" అని మా ఆయన నోటుపుస్తకం విప్పి గ్రాఫు పరిచారు.

ఆవిడ చూశారు. పేజీలు తిప్పారు. ప్రతి పేజీకీ సంతకం! "నలభై రోజులు! రోజూ ఎవరు చదివేవారు?"

"మా ఆవిడండీ."

"బాగుందండీ. పది నిమిషాల తర్వాత ఇరవైకి పద్ధెనిమిదంటే నాకే రావు. చుక్కలు పనిచేశాయని అనను, అలవాటు వల్ల కూడా మార్కులు పెరుగుతాయి. కానీ ఇన్ని గుర్తుంటున్నాయంటే ఇప్పుడు పెద్ద పరీక్షలు అక్కర్లేదనుకుంటా. ఆరు నెలల తర్వాత ఒకసారి రండి."

మా ఆయన నా వైపు చూసిన చూపు ఏం చెప్పమంటారు! పరీక్ష పాసైన పిల్లాడి చూపు. లేచి నిలబడ్డారు కూడా. డాక్టరమ్మ గంట కొట్టడానికి చెయ్యి చాపారు.

ఇంతసేపూ పెప్టైడు గొప్పదనం గురించి ఉపన్యాసం దంచాను కదా, అది మనిషి మెదడుకి ఏం చేస్తుందో నాకు తెలియదు. పరిశోధించే వాళ్ళు పరిశోధించనీ, తేలితే నేనూ నా ముక్కు పట్టుకుని నిలబడతాను. నా గోల అసలు దాని మీద కాదు. నేను అల్లిన ఇరవై ఎనిమిది కథలు ఆ బల్ల మీద గ్రాఫై కూర్చుని, మా ఆయన్ని ఇంటికి పంపించేస్తున్నాయి.

"డాక్టరుగారూ, ఆ పుస్తకం నమ్మకండి" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"పదమూడో రోజు నుంచి మాటలు నేను తేలిక చేశాను. కథలా అల్లి చదివాను. తొమ్మిది వచ్చిన రోజు ఈయన కాఫీ తాగలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. ఆ పద్ధెనిమిదులు ఈయనవి కావండీ, నేను పెట్టినవి. చేయకూడని పనే చేశాను."

ఆవిడ గంట దగ్గరి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తలుపు సందులోని తలలకి "కాస్త ఆగండి" అన్నారు.

మా ఆయన మళ్ళీ కూర్చున్నారు. తిడతారనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా దొంగ రాళ్ళు పట్టే మనిషి, ఇంట్లోనే దొంగ రాయి దొరికితే ఊరుకుంటారా? ఆయన తిట్టలేదు. బల్ల మీద నుంచి నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని, పేజీలు వెనక్కి తిప్పి, పన్నెండో రోజు దగ్గర వేలు పెట్టారు.

"ఇది తొమ్మిది కాదండీ" అన్నారు డాక్టరమ్మతో. "ఏడు. రెండు నేను కలుపుకున్నాను. అంతకు ముందు రోజుల్లో కూడా ఒకటీ అరా కలిపాను."

ఆయన పుస్తకం మూశారు. అప్పుడు నా వైపు తిరిగి, ఆ వరండా అంతటికీ వినపడేటంత గట్టిగా అన్నారు.

"నాకు భయమేసిందోయ్. నీకైనా చెప్పాల్సింది, చెప్పలేదు. నాదే తప్పు."